ఏ వస్తువునకు ఏ జిగురు?

విరిగిన వస్తువును అతికించుటకు ముందు మూడు సంగతులు చూచుకొనవలెను. అది దేనితో చేసినది? దానికి నీరు తగులునా? అతుకు ఊడినచో ఎవరికైనా ప్రమాదమా? వీనికి జవాబు తెలిసినచో తగిన జిగురు ఏదో మీకే తెలియును.

విజయవాడకు సమీపమున గల కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగములను అతికింతురు. తేలికైన బొమ్మకు అది చాలును. బరువు మోయు మంచపు కోడుకు అది చాలదు.

కర్ర: వడ్రంగులు వాడు తెల్ల జిగురు మంచిది. ఫెవికాల్ 1959లో వచ్చినది. పాత జిగురును గీకివేసి, పలుచగా పూసి, త్రాటితో బిగించి ఒక రాత్రి ఉంచవలెను. మామూలు తెల్ల జిగురు నీటిలో నానినచో మెత్తబడును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇండ్లలోనికి నీరు వచ్చినది. అట్టి ముంపు ప్రాంతములవారు నీటికి తట్టుకొను రకమునే అడిగి కొనవలెను.

కాగితము: దస్తావేజు చిరిగినచో ప్లాస్టిక్ టేపు అంటించరాదు. కొన్నేండ్లకు దాని బంక పసుపుబారి కాగితమును చెరుపును. వెనుకవైపు పలుచని కాగితమును ఉడికించిన మైదా జిగురుతో అంటించి, నీడన ఆరబెట్టవలెను.

పి.వి.సి. పైపు: దీనికి సాల్వెంటు సిమెంటు వాడవలెను. ఇది పైపు పైపొరను కరగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. పైపు తడిగా ఉన్నచో అతుకు నిలువదు. తుడిచి, ఆరనిచ్చి, పూసి, వెంటనే లోనికి నెట్టి కొంతసేపు కదలకుండ పట్టుకొనవలెను. మరునాడు మోటారు వేయుట మేలు.

సైకిలు ట్యూబు: గరుకు కాగితముతో రుద్ది, రబ్బరు సొల్యూషను పూయవలెను. తడి ఆరిన తరువాతనే ముక్కను అద్దవలెను. చాలమంది ఇక్కడనే తొందరపడుదురు.

ఇనుము, పింగాణి: రెండు గొట్టములలో వచ్చు ఎపాక్సీని డబ్బాపై చెప్పిన పాళ్లలో కలిపి వాడవలెను. పొయ్యిమీద పెట్టు పాత్రలకు మాత్రము దీనిని వాడరాదు.

జిగురుతో బాగుచేయరాని వస్తువులును గలవు. మందు చల్లు స్ప్రేయరు టాంకు సాధారణముగా పాలిథీనుతో చేయబడును. దానికి మామూలు జిగుర్లు పట్టవు. పట్టినట్లు కనిపించినను చేలో ఊడి, పురుగుమందు మీ వీపుపై కారి, చర్మము గుండ లోనికి పోవును. పగిలిన టాంకును, చీలిన వంటగ్యాసు గొట్టమును అతికించక, క్రొత్తవి వేయించుకొనుడు.