12.4 గేటు వద్ద జనం: ఒక అనుకరణ

బ్యాంకు కౌంటరు ముందు పెరిగే వరుసకు పట్టిక వేయడం గత విభాగంలో నేర్చుకున్నారు. అదే పద్ధతిని ఇప్పుడు పెద్ద క్రీడా మైదానానికి అన్వయిద్దాం. నిజ పరిస్థితిని అంకెలతో నడిపించి చూడటమే అనుకరణ (సిమ్యులేషన్). జనాన్ని నిజంగా ఇరుకులోకి నెట్టి ప్రయోగం చేయలేం కనుక ఇక్కడ దాని అవసరం ఎక్కువ.

కావలసినవి రెండు సంఖ్యలు: నిర్ణీత సమయంలో వచ్చేవారు ఎందరు, లోపలికి వెళ్ళగలిగేవారు ఎందరు. మైదానంలో ఎందరు పడతారన్నది ఈ మెట్టులో ప్రశ్న కాదు. చాలామంది అక్కడే పొరబడతారు.

ఉదాహరణ: 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో, హిల్స్‌బరో మైదానంలో ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరిగింది. ఆట మధ్యాహ్నం 3 గంటలకు. లెపింగ్స్ లేన్ వైపు నిలబడి చూసే 10,100 మందికి 7 తిరుగుడు గేట్లు (టర్న్‌స్టైల్స్) కేటాయించారు. ఒక గేటుకు గంటకు 660 మందికి మించి లెక్క వేయరాదని నేటి బ్రిటిష్ మార్గదర్శకం.

7 × 660 = 4,620 (గంటకు)
10,100 ÷ 4,620 = సుమారు 2 గంటల 11 నిమిషాలు

2.30 గంటలకు సుమారు 5,700 మంది ఇంకా లోపలికి వెళ్ళలేదని విచారణలో తేలింది. మిగిలిన అరగంటలో వెళ్ళగలిగేవారు 2,310. అంటే ఆట మొదలయ్యే వేళకు 3,390 మంది బయటే ఉంటారు. దీనికి కంప్యూటరు అక్కరలేదు. ముందురోజు ఒక కాగితం చాలు.

గేట్ల వద్ద ఒత్తిడి ప్రమాదకరంగా పెరగడంతో, 2.52కు పోలీసులు బయటికి వెళ్ళే పెద్ద గేటు తెరిపించారు. లోపలికి వచ్చినవారు ఎదురుగా కనిపించిన సొరంగ మార్గం గుండా, అప్పటికే నిండిన మధ్య ఆవరణల్లోకి నడిచారు. పక్క ఆవరణల్లో చోటు ఉంది. ఆ ఒత్తిడిలో గాయపడి తరువాత కన్నుమూసిన వారితో కలిపి మృతులు 97 మంది. అభిమానుల ప్రవర్తన దీనికి కారణం కాదని 2016లో జ్యూరీ తేల్చింది. తొక్కిసలాట అనగానే జనాన్ని తప్పుపట్టే అలవాటు మనకూ ఉంది.

కనుక వరుస లెక్క ఒక్కటే చాలదు. గేటు దాటినవారు ఎటు తిరుగుతారో కూడా నమూనాలో ఉండాలి. 1995లో హెల్బింగ్, మోల్నార్ ప్రతిపాదించిన నమూనాలో ప్రతి మనిషికీ గమ్యం వైపు లాగే బలం, ఇతరుల నుంచి, గోడల నుంచి దూరంగా నెట్టే బలం ఉంటాయి. ఇలాంటి నమూనాతో 2000లో చేసిన అధ్యయనంలో, ఇరుకు ద్వారం వద్ద తొందర ఒక హద్దు మించితే బయటపడేవారి సంఖ్య తగ్గుతుందని కనిపించింది.

వాహనాలకూ ఇదే లెక్క: గేటు స్థానంలో కూడలి సిగ్నల్ ఉంటుంది. రైలు దిగినవారు మాత్రం ఒక్కసారిగా వస్తారు కాబట్టి గంట సగటు పనికిరాదు, నిమిషాల లెక్క కావాలి.

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వెలుపల, విజయోత్సవానికి వచ్చిన 11 మంది మరణించారు. అక్కడా ప్రాణాలు పోయింది గేట్ల దగ్గరే.

పాఠగత ప్రశ్న 12.4
(అంకెలు ఊహించినవి.) 6 గేట్లు కలిసి ప్రతి 10 నిమిషాలకు 660 మందిని పంపగలవు. వరుసగా ఆరు విడతల్లో వచ్చినవారు 300, 500, 900, 1,400, 800, 100. ప్రతి విడత చివర బయట మిగిలేవారిని పట్టికగా రాయండి. గుంపు ఎప్పుడు అత్యధికం?

జవాబు: 0, 0, 240, 980, 1,120, 560. ఎక్కువమంది వచ్చింది నాలుగో విడతలో. గుంపు అత్యధికమైనది అయిదో విడత చివర. మీ జవాబు 'నాలుగు' అయితే, మిగిలినవారిని తరువాతి విడతకు కలిపారో లేదో చూసుకోండి.