వీడియో క్రీడలలో అమరికల ప్రయోజనము

సంగీత కచేరీకి ముందు విద్వాంసుడు తంబురాను శ్రుతి చేసికొనును. దర్జీ కొత్త గుడ్డను కుట్టబోవునపుడు మిషను దారపు బిగువును సరిచూచుకొనును. పని ఎంత తెలిసినవాడైనను పనిముట్టును తన చేతికి అనువుగా అమర్చుకొనక తప్పదు. ఈ నియమము నేటి విద్యార్థులు మిక్కిలి మక్కువ చూపుచున్న వీడియో క్రీడలకును వర్తించును. ఆటలో ఓడిన విద్యార్థి తరచుగా తన కంప్యూటరు చౌకదనియో, ఫోను పాతదనియో తలంచి, కొత్తదాని కొరకు తల్లిదండ్రులను ఒత్తిడి చేయును. ఆ సొమ్ము వెచ్చించుటకు ముందు, చేతనున్న యంత్రములోని సెట్టింగులను, అనగా అమరికలను, శ్రద్ధగా పరిశీలింపవలెనని మా అభిప్రాయము. ఇందులకు ‘కౌంటర్-స్ట్రైక్’ అను ఆటను ఉదాహరణముగా గ్రహింతము. 1999 లో ‘హాఫ్-లైఫ్’ అను ఆటకు అనుబంధముగా పుట్టిన ఈ క్రీడ 2023 లో ‘కౌంటర్-స్ట్రైక్ 2’ గా నూతన రూపము దాల్చినది.

అమరికల ప్రాముఖ్యమును చాటిన సంఘటన 1997 లో అమెరికాలో జరిగినది. ‘క్వేక్’ అను ఆటలో ఆనాడు నిర్వహింపబడిన పోటీలో ‘థ్రెష్’ అను పేరుతో ఆడిన డెన్నిస్ ఫాంగ్ విజేత అయి, ఆ ఆట నిర్మాతలలో ఒకరైన జాన్ కార్మాక్ సొంత ఫెరారీ కారును బహుమానముగా పొందెను. ఆ కాలమున అనేకులు కీబోర్డు ఒక్కదానితోనే ఆడుచుండిరి. ఫాంగ్ కుడిచేతిని మౌసుపై ఉంచి దానితో చూపును త్రిప్పుచు, ఎడమచేతి వ్రేళ్లతో డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మీటలనొత్తి నడచుచుండెను. ఈ పద్ధతి ఆయన ఒక్కని సృష్టి కాకపోయినను, ఆయన విజయముతో మిక్కిలి ప్రచారము పొందినది. నేడు కంప్యూటరుపై ఆడు ఇట్టి ఆటలలో అధిక భాగము ఆ అమరికతోనే వచ్చుచున్నవి.

ఇక మొదట చూడవలసినది చిత్రము. తెరపై కదలిక యన్నది వెంటవెంట మారు నిశ్చల చిత్రముల పరంపర. సెకనుకు 60 చిత్రములు మారు తెరపై ఒక్కొక్క చిత్రము సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుచును. 144 మారు తెరపై సుమారు 6.9 మిల్లీసెకన్లే. మలుపు వెనుకనుండి వెలువడు ప్రత్యర్థిని ముందుగా చూచుటకు ఈ భేదము తోడ్పడును. అయితే ఖరీదైన తెరను కొనియు, కంప్యూటరులో దానిని 60 వద్దనే ఉంచి ఆడువారు కలరు. కావున తెర వేగమును విండోస్ అమరికలలో మొదట సరిచూచుకొనవలెను. యంత్రము శక్తి చాలనిచో చిత్రపు సొగసును తగ్గించి వేగమును పెంచుకొనవచ్చును. కాని అన్నింటిని గ్రుడ్డిగా తగ్గించరాదు. గోడ చాటున పొంచియున్న ప్రత్యర్థి నీడ నేలపై పడి అతని ఉనికిని తెలుపును గనుక, నీడల అమరికను వీలైనంతవరకు కాపాడుకొనుట మేలు. ‘వర్టికల్ సింక్’ అనునది చిత్రము చీలినట్లు కనబడు దోషమును నివారించును గాని, చేతి కదలిక తెరపైకి వచ్చుటను ఆలస్యము చేయును. వేగముతో పనియున్న ఆటలో పలువురు దీనిని ఆపివేయుదురు.

రెండవది మౌసు వేగము. ఇందు స్వల్ప గణితము కలదు. మౌసు ఒక అంగుళము కదలినపుడు ఎన్ని సంకేతములు పంపునో అది దాని డీపీఐ. కౌంటర్-స్ట్రైక్‌లో సెన్సిటివిటీ 1 గా ఉన్నపుడు ఒక్కొక్క సంకేతమునకు చూపు 0.022 డిగ్రీలు తిరుగును. 360 డిగ్రీల పూర్తి చుట్టునకు సుమారు 16,364 సంకేతములు కావలెను. డీపీఐ 800 అయినచో మౌసు సుమారు 20.5 అంగుళములు, అనగా 52 సెంటీమీటర్లు కదలవలెను. సెన్సిటివిటీని 2 చేసినచో 26 సెంటీమీటర్లు చాలును. డీపీఐ 400, సెన్సిటివిటీ 2 అయినను ఫలితము మొదటిదే. రెండింటి గుణకారమే ప్రధానము. వేగము హెచ్చయినచో వెనుకకు తిరుగుట సులభము, గురి నిలుపుట కష్టము; తక్కువయినచో గురి నిలుచును గాని విశాలమైన బల్ల కావలెను. తన బల్ల కొలతను బట్టి ఎవరికి వారు నిర్ణయించుకొనవలసిన విషయమిది. మరియొక సూక్ష్మము కలదు. విండోస్‌లోని ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అను అమరిక వలన చేయి ఒకే దూరము కదలినను, కదలిన వేగమును బట్టి ఫలితము మారును. మౌసును నేరుగా చదువు కౌంటర్-స్ట్రైక్ 2 వంటి ఆటలకు దీని బాధ లేదు. తక్కిన ఆటలలో దీనిని ఆపివేసిననే చేతికి అలవాటు కుదురును.

మూడవది ధ్వని. ఈ ఆటలో పరుగెత్తువాని అడుగుల సవ్వడి ప్రత్యర్థికి వినబడును. షిఫ్ట్ మీటనొత్తి మెల్లగా నడచువాని సవ్వడి వినబడదు. కావున నేపథ్య సంగీతమును తగ్గించి, హెడ్‌ఫోనుతో అడుగుల చప్పుడును ఆలకింపవలెను. ఇందులకై ధ్వనిని చెవులకు హాని కలుగునంత పెంచరాదు. సంగీతమును తగ్గించిననే అడుగులు స్పష్టమగును. గురి గుర్తు రంగును గోడల రంగులో కలసిపోనిదిగా ఎన్నుకొనవలెను. ఎరుపు, ఆకుపచ్చల భేదము సరిగా కానరానివారికి ఈ ఎన్నిక మరింత ముఖ్యము.

ఫోనుపై ఆడువారికిని సూత్రమిదియే. 2021 లో మన దేశమున విడుదలయిన ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’లో చిత్రపు సొగసును ‘స్మూత్’ వద్ద ఉంచి, ఫోను అనుమతించినంత మేరకు ఫ్రేముల వేగమును పెంచుకొనవచ్చును. అయితే ఫోను వేడెక్కినచో తనను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. అట్టి ఫోనునకు అత్యధిక వేగముకన్న నిలకడగల మధ్యమ వేగమే శ్రేయస్కరము.

ఈ సందర్భమున ఒక హద్దును గుర్తింపవలెను. అమరిక ఆటగాని అడ్డును తొలగించవచ్చును గాని, అతడు చేయవలసిన పనిని తాను చేయరాదు. ఒక వైపు పరుగెత్తుచున్నవాడు ఎదురు మీటనొత్తి తటాలున ఆగుట కౌంటర్-స్ట్రైక్‌లో సాధనతో అబ్బు విద్య. ఈ పనిని కీబోర్డే చేసిపెట్టు సాధనములు వెలువడగా, ఆట నిర్మాతలైన వాల్వ్ సంస్థవారు 2024 ఆగస్టులో తమ అధికారిక సర్వర్లలో వానిని నిషేధించిరి. ఆ సాధనములు కూడ పైకి అమరికలవలెనే కనబడును. కళ్లజోడు చూపును సరిచేయును, పాఠమును చదివిపెట్టదు. పరీక్షకు కళ్లజోడుతో పోవచ్చును, మరియొకనిచేత వ్రాయింపరాదు. ఆటలోని న్యాయము కూడ ఇట్టిదే.

కడపట సాధన క్రమమును గూర్చి ఒక మాట. ఒకసారికి ఒక అమరికనే మార్చవలెను. పాత అంకెను కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను. కనీసము ఒక వారము ఆడి చూచిన పిమ్మటనే మంచిచెడ్డలు నిర్ణయింపవలెను. ఓడిన ప్రతిసారి వేగమును మార్చువాని చేతికి ఏ అలవాటును కుదరదు. ప్రసిద్ధ క్రీడాకారుని అంకెలను యథాతథముగా అనుకరించుటయు వ్యర్థమే. వాని బల్ల, వాని చేయి, వాని తెర వేరు. ఆడు వేళకొక పరిమితిని విధించుకొనుట కూడ ఒక అమరికయే. దానిని ఏ ఆటయు మన కొరకు చక్కగా చేసిపెట్టజాలదు. ఇంటి నుండి కొత్త యంత్రమును కోరుటకు ముందు మన విద్యార్థులు పాతదానిని పూర్తిగా ఎరుగుదురు గాక. ఒక సాయంకాలపు పరిశీలనతో కుదురుదాని కొరకు తండ్రి నెల జీతమును అడుగుట విద్యావంతులకు తగదు.