సెరిబ్రల్ పాల్సీ పిల్లలు - రోజువారీ పనుల అంచనా

మా పెద్దనాన్నగారి మనవడికి ఏడేళ్లు. వాడికి సెరిబ్రల్ పాల్సీ. ఊళ్లో ఎవరొచ్చినా ఒకటే అడుగుతారు: "నడుస్తాడా?" ఆ ఒక్క ప్రశ్నతో వాడి సంగతి తేలదు. ఎలా తేలుతుందో చెప్పడానికే ఈ చిన్న వ్యాసం.

సెరిబ్రల్ పాల్సీ అనగా ఎదుగుతున్న మెదడుకు కడుపులో ఉండగా గాని, కాన్పులో గాని, పసితనంలో గాని దెబ్బ తగిలి, కదలికలు అదుపు తప్పడం. ఇది అంటువ్యాధి కాదు. మెదడులోని ఆ దెబ్బ ముదరదు గాని, సాధన లేకపోతే కండరాలు బిగుసుకుపోతాయి.

కండరాల బిగువు, కీళ్ల వంపు కొలవడం అవసరమే. అయితే పిల్లవాడు తనంతట తాను అన్నం తింటాడా, చొక్కా తొడుక్కుంటాడా అన్నది ఆ కొలతల్లో కనపడదు. అందుకని 1992లో అమెరికాలో 'పెడి' అనే పద్ధతి వచ్చింది. సొంత పనులు, కదలిక, నలుగురితో మెలగడం - ఈ మూడింటిలో పిల్లలకు ఏం చేతనవును, పెద్దల సాయం ఎంత కావాలి అని విడివిడిగా చూస్తారు. 1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పాలిసానో, రోజెన్‌బామ్ మొదలైనవారు కదలికను ఐదు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయి పిల్లలు ఆసరా లేకుండా నడుస్తారు. ఐదో స్థాయివారిని చక్రాల కుర్చీలో ఒకరు తిప్పాలి. చేతి పనులకూ 2006లో అలాంటి ఐదు స్థాయిలే వచ్చాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. 'చేయగలగడం' వేరు, 'చేస్తూ ఉండడం' వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 వర్గీకరణ కూడా ఈ రెండింటినీ వేరుచేసింది. మావాడు చెంచాతో తినగలడు, కాని అరగంట పైనే పడుతుంది. నాట్ల రోజుల్లో మా వదిన పొద్దున్నే పొలం వెళ్లాలి, అంచేత తనే ముద్దలు పెట్టేస్తుంది. ఆస్పత్రిలో "వాడే తింటాడా?" అంటే "లేదండీ, నేనే పెడతాను" అంది. కాగితం మీద 'తినలేడు' అని పడింది! అబద్ధం ఎవరూ ఆడలేదు, ప్రశ్నే సగం అడిగారు.

ఇప్పుడు రాత్రిపూట తొందర ఉండదు గనుక వాణ్నే తిననిస్తున్నాం. మా అన్నయ్య చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేశాడు, పట్టు కుదిరింది. కింద మెతుకులు పడతాయి, పడనీయండి!

కనుక మిత్రులారా, ఇలాంటి పిల్లలు మీ ఇంట్లోనో, వీధిలోనో ఉంటే మూడు ప్రశ్నలు అడగండి. తనంతట ఏం చేస్తాడు? ఎంత సాయంతో చేస్తాడు? మనం ఏది మారిస్తే ఇంకొంచెం చేస్తాడు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది పిల్లవాడు కాదు, మనం.