మద్యవిముక్తి చికిత్స: ఖర్చులు, సహాయమార్గాలు

జవళగిరి, తళి, డెంకణికోట ప్రాంతాలలో తాగుడు వలన కుటుంబం చితికినప్పుడు ఇంటివారిని మొదట వేధించే ప్రశ్న ఒక్కటే: “చికిత్సకు ఎంత అవుతుంది?” సమాధానం తెలియక కొందరు ఏళ్ల తరబడి వెనుకాడుతారు. మరికొందరు నగలు కుదువపెట్టి, మొదట కనిపించిన కేంద్రంలో డబ్బు కట్టివేస్తారు. రెండు విధాలా నష్టమే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది.

మొదటి లెక్క

చికిత్స ఖర్చుకు ముందు తాగుడు ఖర్చును లెక్కించవలెను. రోజుకు 150 రూపాయలు అనుకుంటే నెలకు 4,500, సంవత్సరానికి 54,750 రూపాయలు అవుతుంది. పోయిన కూలి, వైద్యం, వడ్డీ దీనికి అదనం.

చికిత్సలోని దశలు

మొదటి దశలో శరీరం నుండి మద్యప్రభావాన్ని తొలగిస్తారు. ఇది సాధారణంగా వారం, పది రోజులలో ముగుస్తుంది. రెండవ దశలో మందులు, రోగితోను కుటుంబంతోను సలహా సంభాషణలు ఉంటాయి. మూడవది నెలల తరబడి సాగే పర్యవేక్షణ. చాలా కుటుంబాలు మొదటి దశకే ఉన్నదంతా ఖర్చు చేసి, మూడవ దశకు దారిఖర్చు కూడా లేక ఆగిపోతాయి. అందుచేత మూడు దశలకూ కలిపి డబ్బు కేటాయించుకోవలెను.

ఖర్చుకు భయపడి ఇంటిలోనే హఠాత్తుగా మాన్పించడం ప్రమాదకరం. రోజూ ఎక్కువగా తాగేవారికి మానిన రెండు, మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చును. అట్టి లక్షణాలు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయవలెను.

సహాయమార్గాలు

ప్రభుత్వ వైద్యం: హోసూరు ప్రభుత్వ ఆసుపత్రిని గాని, కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిని గాని మొదట సంప్రదించవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యపాన సంబంధమైన మానసిక స్థితులను కూడా మానసిక వ్యాధిగా గుర్తించింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు లేకపోయినా, ప్రభుత్వ సంస్థలలో ఈ చికిత్స ఉచితంగా పొందే హక్కు ఉంది.

నిమ్హాన్స్: బెంగళూరులో హోసూరు రోడ్డుపైనే ఉన్న ఈ కేంద్ర సంస్థలో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ఆదాయాన్ని బట్టి రాయితీలు లభిస్తాయి. కావలసిన పత్రాలేవో ముందే తెలుసుకొని వెళ్లవలెను.

కేంద్ర నిధులతో నడిచే పునరావాస కేంద్రాలు: స్వచ్ఛంద సంస్థలు నడిపే ఈ కేంద్రాలలో చికిత్సకు రుసుము ఉండదు.

ఈఎస్ఐ: నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందే హోసూరు కర్మాగార కార్మికులలో చాలామందికి ఈ సౌకర్యం ఉంది. ఈఎస్ఐ డిస్పెన్సరీ వైద్యుని ద్వారా పై ఆసుపత్రికి సిఫారసు కోరవచ్చును.

ఆరోగ్య బీమా: మానసిక వ్యాధికి శారీరక వ్యాధితో సమానంగా బీమా ఉండాలని పై చట్టం చెబుతున్నా, అనేక పాలసీలలో మద్యవ్యసన చికిత్సను మినహాయించే నిబంధన కనిపిస్తుంది. పాలసీలోని మినహాయింపుల భాగాన్ని చదివించుకొని, కంపెనీ సమాధానాన్ని లిఖితపూర్వకంగా తీసుకోవలెను. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా కార్డు ఉన్నవారు తమకు వర్తించే చికిత్సలేవో ఆసుపత్రిలోని బీమా విభాగంలో అడగవలెను.

ఆల్కహాలిక్స్ అనానిమస్: చికిత్స తరువాత తోడుగా నిలిచే ఈ బృందాల సమావేశాలకు రుసుము లేదు.

డబ్బు కట్టే ముందు

ప్రైవేటు కేంద్రానికి చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్నదా? వైద్యుడు ఏయే రోజులలో వస్తాడు? మందులు, భోజనం, పరీక్షలు రుసుములో చేరినవా? మధ్యలో వెళ్లిపోతే డబ్బు తిరిగి ఇస్తారా? ఇంటివారు చూడవచ్చునా? సమాధానాలు స్పష్టంగా లేనిచోట, కొట్టడం, కట్టివేయడం ఉన్నచోట రోగిని చేర్చరాదు.

ఎక్కడికి వెళ్లాలో తోచనివారు ఉచిత సహాయవాణి 14446కు గాని, మానసిక ఆరోగ్య సలహా కొరకు టెలిమానస్ 14416కు గాని ఫోన్ చేయవచ్చును. చికిత్స తరువాత మళ్లీ తాగడం జరిగినా అది వ్యాధిలోని భాగమే. పెట్టిన ఖర్చు వృథా అయిందని తలచక, రోగిని తిరిగి వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.