మైల ఎక్కడుంది? (51వ కీర్తనతో ఒక చిన్న పాఠం)

మన తరగతిలో చాలామంది ఇళ్లలో రెండు భాషలు నడుస్తాయి. మా ఇంట్లోనూ అంతే. అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. తెలుగులో 'మైల' అనేదాన్ని తమిళంలో 'తీట్టు' అంటారు. భాష మారినా లెక్క మారదు. ఇంట్లో బిడ్డ పుడితే మైల, మనిషి పోతే మైల, ఆడపిల్లకి నెలనెలా మైల. గమనించండి, ఇవన్నీ ఒంటికి సంబంధించినవే. పక్కింటివాళ్ల మీద పదేళ్లుగా పగ పెట్టుకున్న మనిషిని "మైలపడ్డావు, తలస్నానం చేసి రా" అని ఎవరూ అనరు. తోటిపిల్లకి మార్కులొస్తే కుళ్లుకున్నవాళ్లని దూరంగా కూర్చోమని ఎవరూ చెప్పరు.

మరి లోపలి మైల సంగతేమిటి? దాన్ని కడిగేదెవరు? క్రైస్తవ విశ్వాసం ఈ ప్రశ్నని చాలా గట్టిగా పట్టుకుంది. చర్చికి వెళ్లేవాళ్లకి ఇది తెలిసిన విషయమే. వెళ్లనివాళ్లకి కూడా సాహిత్యపాఠంగా పనికొస్తుందని రాస్తున్నాను.

1. కథ

బైబిల్లో 150 కీర్తనలున్నాయి. వాటిలో 51వది పశ్చాత్తాప కీర్తనల్లో బాగా పేరున్నది. రోమన్ కాథలిక్కులు ప్రతి శుక్రవారం ఉదయప్రార్థనలో దీన్ని చదువుతారు. విభూది బుధవారం నాడు కూడా ఇదే. కీర్తన మొదట్లో ఉన్న శీర్షిక దీన్ని దావీదు రాజు కథతో కలుపుతుంది.

ఆ కథ సమూయేలు రెండో గ్రంథం 11, 12 అధ్యాయాల్లో ఉంది. దావీదు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబను పిలిపించుకున్నాడు. ఆమె గర్భవతి అయింది. విషయం దాచడానికి ఊరియాను యుద్ధంలో చనిపోయేలా చేశాడు. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి రాజుకి ఒక కథ చెప్పాడు. ఒక ధనవంతుడికి గొర్రెల మందలున్నాయి. ఒక పేదవాడికి ఒక్కటే గొర్రెపిల్ల, దాన్ని కన్నబిడ్డలా పెంచుకున్నాడు. చుట్టం వస్తే ధనవంతుడు తన మందని ముట్టుకోకుండా పేదవాడి గొర్రెపిల్లని కోసి వండించాడు. ఇది విని దావీదు కోపంతో ఊగిపోయాడు. అలాంటివాడు చావాలి, నాలుగింతలు తిరిగి ఇవ్వాలి అన్నాడు. ఆ మనిషి ఎవరో కాదు, రాజేనని నాతాను చెప్పాడు.

మనం చూడాల్సింది ఇక్కడే. దావీదుకి న్యాయం తెలియక కాదు. ఎదుటివాడి తప్పు వెంటనే కనబడింది, శిక్ష కూడా వెంటనే చెప్పాడు. తన తప్పు మాత్రం ఇంకొకరు కథగా చెబితే తప్ప కనబడలేదు. లోపలి మైలకి ఉన్న మొదటి లక్షణం ఇదే, ఉన్నవాళ్లకి అది కనబడదు.

2. కడగడానికి మూడు మాటలు

కీర్తన మొదట్లోనే హీబ్రూలో మూడు వేర్వేరు క్రియలు వస్తాయి. మొదటిది 'మాహా', అంటే తుడిచెయ్యడం, రాసినదాన్ని చెరిపినట్టు. రెండోది 'కబస్'. ఇది చేతులు కడుక్కోవడానికి వాడే మాట కాదు, బట్టలు ఉతకడానికి వాడేది. నీళ్లలో వేసి తొక్కి, మురికి వదిలేదాకా ఉతకడం. చాకిరేవు చూసినవాళ్లకి ఇది సులభంగా తెలుస్తుంది. మూడోది 'తాహేర్', ఆచారప్రకారం శుద్ధి చెయ్యడం. కుష్ఠు నయమైనవాళ్లని మళ్లీ ఊళ్లోకి, గుడిలోకి రానిచ్చేటప్పుడు ఈ మాట వాడేవారు. కీర్తనలో హిస్సోపు అనే మొక్క పేరు వస్తుంది కదా, లేవీయకాండం 14వ అధ్యాయం ప్రకారం ఆ శుద్ధిలో వాడింది దాన్నే.

అంటే అడిగేవాడికి మూడూ కావాలి. లెక్క చెరగాలి, మురికి వదలాలి, మనుషుల్లోకి మళ్లీ రావాలి. తర్వాత ఇంకో మెట్టు ఎక్కి, హృదయాన్నే కొత్తగా సృష్టించమంటాడు. అక్కడున్న క్రియ 'బారా'. బైబిల్ మొదటి వాక్యంలో లోకసృష్టికి వాడింది ఇదే. ఈ రూపంలో దీనికి కర్త ఎప్పుడూ దేవుడే, మనిషి కాడు. కాబట్టి కవి ఉద్దేశం తేలికగానే తెలుస్తుంది. ఉతకడం చాలదు, గుడ్డే కొత్తది కావాలి, అది నా చేతిలో లేదు.

3. బయటి నుంచి లోపలికి

మార్కు సువార్త 7వ అధ్యాయంలో, చేతులు కడుక్కోకుండా శిష్యులు తింటున్నారని కొందరు తప్పుపడతారు. మనిషిని మైలపరచేది బయటి నుంచి లోపలికి వెళ్లేది కాదు, లోపలి నుంచి బయటికి వచ్చేదే అని యేసు జవాబిస్తాడు. ఆయన చెప్పిన పట్టికలో దొంగతనం, హత్యలతో పాటు అసూయ, అహంకారం, కపటం కూడా ఉన్నాయి. చేసిన పనులూ మనసులోని గుణాలూ ఒకే వరసలో నిలబడ్డాయి.

దీనికి ముందు 5వ అధ్యాయంలో, 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ఉంది. లేవీయకాండం 15 ప్రకారం ఆమె అపవిత్రురాలు, ఆమెని తాకినవాళ్లూ అంతే. అది పాపమని ఆ గ్రంథం అనలేదు, కానీ దూరం పెట్టింది. ఆమె గుంపులో వెనకగా వచ్చి యేసు వస్త్రాన్ని తాకింది. మైల ఆయనకి అంటలేదు. ఆమెకి స్వస్థత వచ్చింది. ఆయన ఆమెని "కుమారీ" అని పిలిచాడు. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివితే ఆడవాళ్లకి ఒక మాట స్పష్టంగా వినబడుతుంది. మన ఒళ్లు మైల కాదు. కడగాల్సింది వేరే ఉంది, అది ఆడా మగా ఇద్దరిలోనూ ఉంది.

4. లోపలి గుణాల పట్టిక

మనకి అరిషడ్వర్గాలు తెలుసు: కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు. క్రైస్తవంలోనూ ఇలాంటి పట్టిక ఉంది. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఎనిమిది దురాలోచనలు చెప్పాడు: తిండియావ, కామం, ధనాశ, దుఃఖం, కోపం, విసుగు, డంబం, గర్వం. 6వ శతాబ్దం చివర్లో పోపు గ్రెగొరీ దీన్ని మార్చి, అసూయని చేర్చాడు, గర్వాన్ని అన్నిటికీ వేరుగా పెట్టాడు. మన మాత్సర్యం అక్కడికి ఆలస్యంగా చేరిందన్నమాట!

ఎవాగ్రియస్ చెప్పినదాంట్లో నాకు నచ్చినది ఒకటుంది. ఆలోచన రావడం మన చేతిలో లేదు, దాన్ని కూర్చోబెట్టడం, కూర్చోనివ్వకపోవడం మన చేతిలో ఉంది. అసూయ పుట్టిందని నేనే చెడ్డదాన్ని అనుకుని కుంగిపోనక్కర్లేదు. దానికి కుర్చీ వేసి కాఫీ ఇవ్వకపోతే చాలు.

5. మారుమనస్సు, మనందిరుంబుదల్

మా ఇంట్లో రెండు బైబిళ్లున్నాయి. పశ్చాత్తాపానికి తెలుగు బైబిల్ 'మారుమనస్సు' అంటుంది, మనసు మారడం. తమిళ బైబిల్ 'మనందిరుంబుదల్' అంటుంది, మనసు తిరగడం. గ్రీకు మాట 'మెటానోయా'కి తెలుగు దగ్గర, ఎందుకంటే దానిలో ఉన్నది మనసు మార్పే. హీబ్రూ మాట 'షూవ్'కి తమిళం దగ్గర, దాని అర్థం వెనక్కి తిరిగి రావడం. రెండు భాషలూ చెరో సగం చెబుతున్నాయి. మనసు మారి, నడుస్తున్న దారి మారకపోతే సగమే అయింది.

6. ఒక చిక్కు

ఈ కీర్తనలో, తాను దేవునికే అపరాధం చేశానన్న అర్థం వచ్చే మాట ఒకటుంది. మరి ఊరియా సంగతి? బత్షెబ సంగతి? మనిషికి చేసిన అన్యాయం దేవునికి చేసినట్టేనని చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. కానీ దీన్ని తప్పుగా పట్టుకుంటే ఒక వంక దొరుకుతుంది. దేవుడితో లెక్క సరిచేసుకున్నాను, నువ్వు నన్నేమీ అడగకు అనొచ్చు. సువార్తలు ఆ దారి మూసేశాయి. మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గరికి వచ్చాక నీ మీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు అతనితో సమాధానపడమని ఉంది. లూకా 19లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానంటాడు. దావీదు కోపంలో చెప్పిన నాలుగింతలు ఇక్కడ ఒకడు తనంతట తానే ఒప్పుకున్నాడు.

ఇంకోటి. ఈ కీర్తన నోట పలుకుతున్నది దావీదు, బత్షెబ కాదు. నాతాను మందలించింది రాజునే. అందుకని దెబ్బ తిన్న అమ్మాయిని పట్టుకుని "నీ మనసులో చేదుంది, ముందు అది కడుక్కో" అనడం ఈ కీర్తనని తలకిందులుగా చదవడమే. ఆమె కోసం వేరే కీర్తనలున్నాయి. కష్టం చెప్పుకుని మొరపెట్టేవి ఆ 150లో చాలానే ఉన్నాయి. గుండెలో దాచుకున్న పగ వేరు, అన్యాయానికి వచ్చే ఏడుపు వేరు. మొదటిది కడగాలి, రెండోది వినాలి.

చదివాక ఆలోచించండి

కాథలిక్కులు గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తారు. తమిళంలోనూ అదే మాట. ప్రొటెస్టెంట్లలో చాలామంది ప్రభు భోజనానికి ముందు అందరూ కలిసి ఒప్పుకుంటారు. ఒంటరిగా చెప్పుకోవడం, ఒకరితో చెప్పుకోవడం, అందరితో కలిసి చెప్పుకోవడం, ఈ మూడింటిలో మనిషిని నిజంగా మార్చేది ఏది? దావీదుకి నాతాను ఉన్నాడు. మనకి కథ చెప్పి అద్దం చూపించే స్నేహితురాలు ఉందా? ఉంటే, ఆమె చెప్పిన రోజున వినే ఓపిక మనకుందా? మీ జవాబులు రాసి డిపార్ట్‌మెంట్ బల్ల మీద పెట్టండి, వచ్చే నెల గోడపత్రికలో అతికిద్దాం.