స్వల్పవ్యయముతో యంత్రనియంత్రణాభ్యాసము



కర్మాగారములలో సీసాలు నింపుటకును, సరకును పట్టీలపై నడపుటకును, నీటిపంపులను వేళకు ఆపుటకును నేడు ఒక చిన్న పెట్టె అధికారము వహించుచున్నది. దానిని ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ అనియు, క్లుప్తముగా పీ.ఎల్.సీ. అనియు చెప్పుదురు. 1968వ సంవత్సరమున అమెరికాలో జనరల్ మోటార్సువారి హైడ్రామాటిక్ శాఖ, కార్ల నమూనా మారినప్పుడెల్ల రిలేల తీగెలను విప్పి మరల కూర్చు శ్రమను తప్పింపగోరి, అట్టి సాధనము కావలెనని అడిగెను. డిక్ మోర్లీయు అతని సహచరులును నిర్మించిన మోడికాన్ 084 ఆ కోరికను తీర్చెను. తీగెలను మార్చుటకు బదులు వ్రాతను మార్చుటయే దీని మర్మము.

ఈ విద్య నేర్వగోరు పిల్లలకు ముఖ్యమైన ఆటంకము వ్యయము. కర్మాగారపు పెట్టె పేద తల్లిదండ్రులకు అందునది కాదు. అయినను మూలసూత్రములను నేర్చుటకు అది అక్కరలేదు.

కావలసిన వస్తువులు: ఒక కంప్యూటరు, ఆర్డ్వినో ఊనో అను పలక, తీగెలు గ్రుచ్చుటకు బ్రెడ్ బోర్డు, ఒక ఎఱ్ఱని ఎల్.ఈ.డీ. దీపము, 330 ఓముల నిరోధకము ఒకటి, 10,000 ఓములవి రెండు, రెండు మీటలు. పచ్చ మీట నొక్కినప్పుడు కలియునది. ఎఱ్ఱ మీట కలిసియుండి, నొక్కినప్పుడు విడిపోవునది. ఓపెన్ పీ.ఎల్.సీ. ఎడిటర్ అను సాధనము ఉచితముగా లభించును. అందలి భాషలు ఐ.ఇ.సి. 61131-3 అను అంతర్జాతీయ ప్రమాణమును అనుసరించినవి గనుక, ఇచట నేర్చినది కర్మాగారమునను పనికివచ్చును.

ప్రతి మీటయొక్క ఒక కొనను 5 వోల్టులకును, రెండవ కొనను పలకలోని ప్రవేశమునకును కలుపవలెను. మీట విడిపోయినప్పుడు ప్రవేశము ఊగిసలాడకుండునట్లు, అచటినుండి 10,000 ఓముల నిరోధకమును భూమితీగెకు చేర్పవలెను. దీపమును 330 ఓముల ద్వారా నిర్గమమునకు కలుపుడు. దీపము సుమారు 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 3 వోల్టులను 330చే భాగింప, సుమారు 9 మిల్లీ ఆంపియరులు వచ్చును. ఇది పలకకు హాని చేయదు.

ఈ యంత్రము మొదట ప్రవేశములను చదువును. పిమ్మట ప్రోగ్రామును వరుసగా నడపును. తుదకు నిర్గమములను మార్చును. క్షణకాలములో ఈ వరుస పలుమారులు తిరుగును.

ఇప్పుడు నిచ్చెనపటము వ్రాయుడు. పచ్చ మీట గుర్తును, దానికి సమాంతరముగా దీపము గుర్తును ఉంచి, తరువాత ఎఱ్ఱ మీట గుర్తును, చివర దీపమును వ్రాయవలెను. పచ్చ మీటను విడిచినను దీపము తన్ను తానే నిలుపుకొనును. ఇచట పిల్లలు తఱచుగా పొరబడుదురు. ఎఱ్ఱ మీట కలిసియుండునది గదాయని, పటములో మూసిన గుర్తు వ్రాయుదురు. అది తప్పు. నొక్కనప్పుడు ఆ ప్రవేశమునకు విద్యుత్తు వచ్చుచునే యుండును గనుక, తెఱచిన గుర్తునే వ్రాయవలెను.

దీపము వెలుగుచుండగా ఎఱ్ఱ మీట తీగెను ఊడదీయుడు. దీపము వెంటనే ఆరును. పిమ్మట ఎఱ్ఱ మీటకు బదులు నొక్కినప్పుడు కలియు మీటను ఉంచి, మూసిన గుర్తు వ్రాసి చూడుడు. పైకి ఆ ఏర్పాటును చక్కగనే పనిచేయును. కాని తీగె ఊడదీసిన పిమ్మట ఎంత నొక్కినను దీపము ఆరదు! ఆ దీపమునకు మాఱుగా ఱంపమున్నచో, పనివాని చేయి దానిలో చిక్కుకొన్నచో ఏమగును? తెగిన తీగె యంత్రమును ఆపవలెనే గాని నడువనీయరాదు. ఈ పాఠమునకై వేల రూపాయల పెట్టె అక్కరలేదు.

ఒక హెచ్చరిక. ఈ పలకకు 230 వోల్టుల ఇంటి విద్యుత్తును ఎన్నడును తగిలింపకుడు. మఱియు నిజమైన యంత్రములలో ప్రాణరక్షణకై ఇట్టి సామాన్య ప్రోగ్రామును మాత్రమే నమ్మరాదు. ప్రత్యేకమగు రక్షణవలయము ఉండవలెను.

ఇందు నిపుణత కలిగిన పిమ్మట 24 వోల్టుల పాత కంట్రోలరును సంపాదించి సాధన చేయవచ్చును. చిన్న దీపమునందు నమ్మకముగా పనిచేయ నేర్చినవానికే పెద్ద యంత్రమును, దానిచెంత నిలుచు సోదరుని ప్రాణమును అప్పగింపదగును.