నల్లేరు - ఎముకల బలము

మానవ శరీరమునకు ఆధారము అస్థిపంజరము. ఎముక రాతివలె జడపదార్థమని మనము భావింపరాదు. అది జీవముగల ధాతువు. పాత ఎముకను కరిగించే కణములు, కొత్త ఎముకను నిర్మించే కణములు అందులో నిరంతరము పనిచేస్తూనే ఉంటాయి. నిర్మాణము కంటె కరుగుదల మించినప్పుడు ఎముక లోలోపల గుల్లబారుతుంది. ఈ వ్యాధినే ఆస్టియోపొరోసిస్ అంటారు. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గుట వలన ఇది ఎక్కువగా కనిపిస్తుంది. నొప్పి లేకుండానే ముదురుతుంది. కాలు జారి పడినంత మాత్రముననే తుంటి ఎముక విరిగినప్పుడు గాని పలువురికి సంగతి తెలియదు.

ఈ వ్యాధికి మొక్కలలో మందు దొరుకునా? మనకు పరిచితమైన నల్లేరునే ఉదాహరణగా తీసుకుందాము. నాలుగు పలకల కాడ, కణుపు కణుపునా అతుకు గల ఈ తీగను సంస్కృతములో అస్థిసంహారకమని, ఉర్దూలో హడ్‌జోడ్ అని పిలుస్తారు. ఇచట సంహారమనగా కూర్చుట. రెండు పేర్లూ ఒకే గుణమును చెప్పుచున్నవి. తెలుగువారు లేత కాడలను వేయించి, దురద పోవుటకు చింతపండు చేర్చి పచ్చడి చేసుకుంటారు.

పేరు సాక్ష్యమే గాని నిరూపణ కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన కె.ఎన్. ఉడుప, జి.సి. ప్రసాద్ గార్లు జంతువులపై పరిశోధించి, నల్లేరు వలన విరిగిన ఎముక త్వరగా అతుకుకొనునని 1964లో ప్రకటించారు. అండాశయములు తొలగించిన ఎలుకలలో నల్లేరు సారము ఎముక నష్టమును తగ్గించినట్లు 2003లో మరొక పరిశోధన తెలిపినది. కాని విరిగిన ఎముక అతుకుట వేరు, గుల్లబారిన ఎముక గట్టిపడుట వేరు. ఎలుక వేరు, మనిషి వేరు.

ఈ భేదమెంత ముఖ్యమో ఇతర పదార్థముల చరిత్ర చెప్పుచున్నది. మొక్కలలోని ఐసోఫ్లేవోనుల నమూనాపై తయారైన ఇప్రిఫ్లేవోన్‌పై తొలుత గొప్ప ఆశలుండేవి. 474 మంది స్త్రీలపై మూడేండ్లు జరిపిన పరీక్ష ఫలితములు 2001లో వెలువడినవి. ఎముక నష్టము ఆగలేదు. పైగా కొందరిలో రక్తములోని లింఫోసైటులు తగ్గినవి. సోయాలోని జెనిస్టీన్ వలన ఎముక సాంద్రత పెరిగినదని 2007లో ఇటలీ పరిశోధకులు చెప్పగా, సోయా ఐసోఫ్లేవోనులు ఎముక నష్టమును ఆపలేదని 2011లో అమెరికా పరిశోధకులు తేల్చారు.

ఏదైనా తేలికగా సాగినప్పుడు నల్లేరుపై బండి నడక అంటాము. నల్లేరు మందుగా మారే దారి మాత్రము అంత సులువైనది కాదు. వైద్యుడిచ్చిన మందు మాని, ఏదో చూర్ణమును నమ్ముకొనుట ప్రమాదకరము. ఇంటిపట్టుననే ఉండే మన తల్లులకు కొంత ఎండ, కొంత నడక, పాలు, రాగుల వంటి ఆహారము, సకాలములో పరీక్ష అవసరము. పూర్వుల అనుభవమును తోసిపుచ్చకుండ, పరీక్షింపక అంగీకరింపకుండ ఉండుటయే శాస్త్రదృష్టి. ఈ మాటను ఇంట ఉర్దూలోనో తెలుగులోనో విడమరచి చెప్పగలవారు మన విద్యార్థులే.